వెయ్యి తొమ్మిది కుర్చీలు

సభలు జరిగే ఆ హాల్లో కుర్చీలాయన వేయాల్సినవి వెయ్యి తొమ్మిది కుర్చీలు. ఒక్కటీ పక్కన పెట్టకూడదు, వరుసలన్నీ సమానంగా ఉండాలి, అది ఓనరు పట్టు. ఎన్ని తిప్పలు పడ్డా ఆఖరి వరుస బోసిపోయేది. "నీకు చేతకాదయ్యా" అని ఓనరు తలంటేవాడు.

చివరికి లెక్కల మాస్టారైన బావమరిది తేల్చాడు. "అది ప్రధాన సంఖ్య బావా. దేంతో భాగించినా తెగదు. నీ తప్పేం లేదు."

"ఒకటి తగ్గిస్తే?"

"ముప్పయ్యారేసి చొప్పున ఇరవై ఎనిమిది వరుసలు, నిక్షేపంగా."

మర్నాడే ఓ కుర్చీ కాలు విరిగింది. ఎలా విరిగిందని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. వరుసలు దారం పట్టి గీసినట్టు కుదిరాయి. ఓనరు తొలిసారి భుజం తట్టాడు. ఆ సంతోషంలోనే, విరిగినదాని బదులు కొత్త కుర్చీ తెప్పించాడు.