ఇంటి మనిషికి చెప్పినట్టు

ఫిల్మ్‌నగర్‌లో ఓ చిన్న రికార్డింగ్ గదిలో ఒక మూలికల టూత్‌పేస్టు ప్రకటనకు డబ్బింగ్ చెప్పాను. తెర మీద నవ్వే అమ్మాయికి తెలుగు రాదు, అందుకని గొంతు నాది. వేప, లవంగం, పటిక గొప్పలన్నీ అయ్యాక చివర్లో ఒక మాట ఉంది: "నోట్లో ఏ బాధైనా ఇది చాలు. నా మాట నమ్మండి."

మూడుసార్లు చెప్పినా దర్శకుడికి నచ్చలేదు. "అమ్ముతున్నట్టుందండీ. ఇంట్లో మనిషికి చెప్పినట్టు చెప్పండి," అన్నాడు. కళ్లు మూసుకుని, మా ఇంట్లో వంట చేసే ఆమె ఎదురుగా ఉన్నట్టు ఊహించుకున్నాను. రహమత్ నగర్ నుంచి రోజూ శ్రీనగర్ కాలనీలోని మా ఇంటికి నడిచి వస్తుంది. ఆమెకి చెప్పినట్టే చెప్పాను, వెంటనే ఓకే అయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు నా నోటికి నేనే మురిసిపోయాను.

ప్రకటన టీవీలో వచ్చిన మొదటిరోజు ఆమె గరిటెతోనే హాల్లోకి వచ్చింది.

"గీ గొంతు మీదే గదమ్మా," అంది. అవునన్నాను, గర్వంగానే.

కొన్ని నెలలకు ఆమె అన్నం ఒక పక్కనే నములుతుండటం చూసి నోరు తెరవమన్నాను. నాలుక అంచున తెల్లటి పుండు. లవంగం వాసన గుప్పున కొట్టింది.

"ఎన్నాళ్లైంది?"

"నాలుగు నెలలైతుందమ్మా. రోజూ గా పేస్టే రుద్దుతున్న."

"డాక్టరుకి చూపించుకోవద్దూ?"

"గది చాలని మీరే చెప్పిండ్రు గదమ్మా."

టీవీలో చెప్పిందల్లా నమ్ముతారా అని ఆమె మీదే అరిచాను. ఆ అరుపుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. క్యాన్సరన్నారు. ముందే వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేదట. సగం నాలుక తీసేశారు.

పేస్టు పళ్లకు మంచిదే కావచ్చు, వేప ఏ పాపమూ ఎరగదు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన మనిషిని ఆపింది నా గొంతు. ఆ చివరి మాట తీసేయమని పేస్టు కంపెనీవాళ్లకి ఫోన్ చేసి బతిమాలాను.

"జనానికి నచ్చిందే ఆ మాటండీ," అన్నారు.

ఇప్పుడు షేక్‌పేటలో కూరగాయలు కొంటున్నా, ఏదో కొట్లోంచి అది వినబడుతుంది. నా గొంతంటే నాకు భయం పట్టుకుంది.

ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. ఆమె మాట నాకు సగమే అర్థమవుతుంది. నిన్న పొద్దున టీవీలో ఆ ప్రకటన మొదలవగానే ఆపేద్దామని రిమోట్ కోసం వెతికాను. అది ఆమె చేతిలో ఉంది. ఆమె సౌండు పెంచింది. నా వైపు వేలు చూపించి, మొదటిరోజులాగే 'గీ గొంతు మీదే గదమ్మా' అన్నట్టు మెల్లగా నవ్వింది.