ఒసాకా తిరునాళ్ళకు తుండుగుడ్డ

త్రికోటేశ్వరరావు గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. సీటు ఆపడం.

నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు ఇంకా మలుపు తిరుగుతూ ఉండగానే ఆయన భుజం మీది తుండుగుడ్డ కిటికీలోంచి లోపలికి పోయేది. అందులో వింతేమీ లేదు, పల్నాటిలో పుట్టినవాళ్ళందరూ చేసే పనే. గుడ్డ పడ్డ సీటును ఎంతటివాడైనా గౌరవించి తీరాలి, మన బస్సులకున్న ధర్మశాస్త్రం అది. వింతల్లా ఏమిటంటే, ఆ సీటు ఆయన కోసం కాదు. ఎవరి కోసమో ఆయనకూ తెలియదు. కండక్టరు వచ్చి ఎవరికండీ ఈ సీటు అంటే, "వస్తన్నారు" అనేవారు. బస్సు పిడుగురాళ్ళ దాటినా వాళ్ళు వస్తూనే ఉండేవాళ్ళు. ఆయన మాత్రం రాడ్డు పట్టుకుని నిలబడి, గుడ్డకు కాపలా కాసేవారు.

పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీ మీద తుండుగుడ్డ. పురాణం చెప్పేచోట చాప మీద తుండుగుడ్డ. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర పన్ను పీకే కుర్చీ ఖాళీ కాగానే దాని మీదా వేశారు. ఈ కుర్చీ కోసం ఎవరూ ఎగబడరండీ అని డాక్టరు గారే నచ్చజెప్పి గుడ్డ తీయించారు. ఇంకోసారి ఎవరిదో ఎరువుల కొట్టు ప్రారంభోత్సవం. ముందు వరసలో గుడ్డ చూసి, రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషి తనకంటే పెద్దవాడెవరో రాబోతున్నాడనుకుని వెనక వరసలోకి పోయి, చివరిదాకా గుమ్మం వైపే వినయంగా చూస్తూ కూర్చున్నాడు.

ఇదంతా భరించింది ఆయన భార్య ఝాన్సీలక్ష్మి. ఆమె పుట్టిల్లు మాచర్ల. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి పుట్టింటికి బయలుదేరినప్పుడు ఆయన ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పక్క సీటు మీద గుడ్డ వేసి, తాను నిలబడ్డారు. దాచేపల్లిలో ఒక ముసలాయన నిమ్మకాయల బస్తాతో ఎక్కి ఆ సీటులో కూర్చున్నాడు. కొత్త పెళ్ళికూతురు మాచర్ల దాకా నిమ్మతోటల తెగుళ్ళ గురించి విన్నది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి పక్కన కూర్చుని చేసిన ప్రయాణం ఒక్కటీ లేదని ఆమె కోటప్పకొండ స్వామికి ఎన్నోసార్లు మొరపెట్టుకుంది. ఆ స్వామి పెళ్ళిలేనివాడు గనక, విని ఊరుకునేవాడే తప్ప ఏ సలహా చెప్పేవాడు కాదు.

ఇలా ఉండగా ఆ ఏడాది వేసవిలో, విజయవాడ ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసే మేనకోడలు సుప్రజ ఫోనుకు ఒక వీడియో పంపింది. జపానులో ఒసాకా అనే ఊరి దగ్గర ప్రపంచ ఎక్స్‌పో. సముద్రం ఒడ్డున దీవి, అందులో దేశదేశాల మేడలు, వాటన్నిటి చుట్టూ కొయ్యతో కట్టిన బ్రహ్మాండమైన వలయం. ఆ వలయం మీద జనం ఆకాశంలో తిరునాళ్ళ చేసుకుంటున్నట్టు మెల్లగా నడుస్తున్నారు.

ఆయన వీడియో మళ్ళీ మళ్ళీ చూసి తేల్చేశారు. ఇది కోటప్పకొండ తిరునాళ్ళే. శివరాత్రికి ఊరికొక ప్రభ, దీపాలతో ఆకాశమంత ఎత్తున, కట్టుకొచ్చినట్టు దేశానికొక మేడ కట్టుకొచ్చారు. వెంటనే సుప్రజకు ఫోన్ చేసి మన ప్రభ వెళ్ళిందా లేదా అని అడిగారు. మన దేశానిదీ ఉంది మామయ్యా అని ఆ పిల్ల చెబితే గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకున్నారు. తిరునాళ్ళకు ఒంటరిగా ఎవరైనా పోతారా? ఆ సాయంత్రమే తుండుగుడ్డ దులుపుకుని వీధిలోకి బయలుదేరారు.

మొదట మలుపులో ఇడ్లీబండి గురవమ్మ. తర్వాత మైకుసెట్లు, రంగు బల్బులు అద్దెకిచ్చే పీర్ సాహెబ్. ఆపైన జిరాక్సు కొట్టు ముందు కూర్చునే కృపావరం; బండి గుద్ది కాలు పోయిన దగ్గరనుంచి అతను చంక కర్ర మీద నడుస్తాడు. ప్రతి ఒక్కరినీ ఆయన అడిగింది ఒకటే మాట: "కిటికీ పక్కనా, దారి పక్కనా?"

ఒక్కొక్కరు చేరినకొద్దీ ప్రయాణం పెరిగింది. గురవమ్మకు బయటి కూడు పడదు కాబట్టి ఇడ్లీపాత్ర కూడా విమానం ఎక్కాలి. పీర్ సాహెబ్ నమాజుకు దిక్కు తప్పకుండా ఉండే సీటు కావాలి. విమానం మలుపు తిరిగితే ఎట్లా అని ఇద్దరూ ఒక పూటంతా మథనపడి, డ్రైవరుతో ముందే మాట్లాడుకోవాలని నిర్ణయించారు. కృపావరం కర్రకు విడిగా ఒక సీటు. విమానంలో కిటికీలోంచి గుడ్డ వేయడం కుదరదు, సీట్లన్నీ కంప్యూటర్లో ఉంటాయని సుప్రజ ఎంత చెప్పినా ఆయన పట్టు వదల్లేదు. "అయితే ఆ కంప్యూటర్ మీదే ఒక గుడ్డ వెయ్యమ్మా. ఎవరన్నా అడిగితే వస్తన్నారని చెప్పు."

వీధి వీధంతా నవ్వుకుంది. ఝాన్సీలక్ష్మి నవ్వలేదు. ఆమెకు ఆ వలయం కళ్ళలో పడిపోయింది. మధ్యాహ్నం గోంగూర వలుస్తూ కూర్చుంటే వేళ్ళ పని వేళ్ళు చేసుకుపోయేవి, ఆమె మాత్రం ఆ కొయ్య దారి మీద నడుస్తూ ఉండేది. ఒక పక్క సముద్రం. కింద ఎవరెవరి దేశాల దీపాలో. కొండ చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టే ఉండేది, కాళ్ళు మాత్రం నొప్పి పుట్టేవి కావు. పక్కన ఆయన. ఆయన భుజం మీద గుడ్డ లేదు. కుక్కర్ కూత వేసేదాకా అలా నడిచి, మళ్ళీ నరసరావుపేటలోకి దిగేది.

దసరా దగ్గర పడుతుండగా సుప్రజ ఫోన్ చేసింది. పండగ తర్వాత ఒక బృందం ఒసాకా వెళుతోంది, అందులో ఇద్దరు మానుకున్నారు, ఆఫీసు తరఫున మీకు ఇప్పించగలను, సాయంత్రంలోగా చెప్పండి అని. ఎక్స్‌పో మూసేలోపు ఇంకో అవకాశం ఉండదని కూడా చెప్పింది.

"రెండేనా?" అన్నారు త్రికోటేశ్వరరావు గారు, పెళ్ళివారికి ఒక్క విస్తరే వేశారని విన్నట్టు. "మరి మనవాళ్ళో?"

"మనవాళ్ళంటే మనిద్దరం కామా?" అన్నది ఝాన్సీలక్ష్మి.

ఆయన తుండుగుడ్డను ఆ భుజం మీది నుంచి ఈ భుజం మీదికి మార్చుకుని, ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళిపోయారు. ఆమెకు కడుపు మండిపోయింది. ఊళ్ళో అందరినీ కిటికీ పక్కనా దారి పక్కనా అని అడిగిన మనిషి తనను ఒక్కనాడన్నా అడిగాడా? ఈయనగారు చెప్పలేకపోతే నేనే చెబుతాను, సీట్లు రెండే, ఎవరూ ఆశ పెట్టుకోవద్దని అందరికీ చెప్పి వస్తాను అని చెప్పులు వేసుకుంది. గడప దాటేముందు అలవాటుగా, కొండ ఎక్కే భక్తుల్లా "చేదుకో కోటేశ్వరా" అని దణ్ణం పెట్టుకుంది.

పీర్ సాహెబ్ కొట్టులో నేలంతా రంగు బల్బుల తీగలు పరుచుకుని ఉన్నాయి. డీజే డబ్బాలు వచ్చాక ఆయన్ను ప్రభలకూ పిలవడం లేదు, పెళ్ళిళ్ళకూ పిలవడం లేదు. ఇవన్నీ ఎందుకు దించావన్నా అని ఆమె అడిగితే ఆయన సిగ్గుపడ్డాడు. ఒసాకా దీపాలు చూసి ఏది సరిగా లేదో నువ్వే చెప్పాలని త్రికోటేశ్వరన్న అన్నాడు, చెయ్యి మరిచిపోకూడదని తుడుస్తున్నాను అన్నాడు. ఆమె సీట్ల మాట ఎత్తకుండా, కాలికి తగిలిన తీగ ఒకటి పక్కకు సర్ది బయటికి నడిచింది.

కృపావరం కర్రకు కొత్త రబ్బరు బిళ్ళ తొడుగుతున్నాడు. శావల్యాపురంలో అన్న కూతురి పెళ్ళికి కూడా నీకు ఇబ్బందిలే, రావద్దులే అన్నారట ఇంట్లోవాళ్ళు. ఈ బావ మాత్రం కర్రకు కూడా సీటు అన్నాడక్కా అని నవ్వాడు. ఆమె రబ్బరు బిళ్ళ బాగుందని చెప్పి వచ్చేసింది.

గురవమ్మ దగ్గరైనా నోరు తెరవాలని బండి పక్కన బల్ల మీద కూర్చుంది. సగం మాట అనేసరికే ముసలమ్మ చెయ్యి ఊపింది.

"నాకు తెలవదా అమ్మాయ్, ఆ దేశం నేను పోయేది కాదని? ఇడ్లీపాత్రను విమానం ఎక్కిస్తారా ఏంది?"

"మరి రోజూ ఆయనతో సీటు సంగతి మాట్లాడతావు గదా పిన్నీ?"

"పొద్దుగూకేటప్పుడు వచ్చి ఇక్కడ నుంచుంటాడు. కిటికీ పక్కనా, దారి పక్కనా అంటాడు. నేను ఒకనాడు ఇటు చెబుతా, ఒకనాడు అటు చెబుతా." గురవమ్మ మూత తీసి ఆవిరి పోనిచ్చింది. "అందరూ నన్ను ఎన్ని ఇడ్లీలని అడిగేవాళ్ళే. నీకేం కావాలని అడిగేది ఆయనొక్కడే. అడగనియ్యమ్మా, చానా బాగుంటది."

వస్తన్నారు, వస్తన్నారు అని ఇన్నేళ్ళూ ఆయన చెప్పింది అబద్ధం కాదని ఝాన్సీలక్ష్మికి అప్పుడు తోచింది. ఎవరూ పిలవనివాళ్ళు ఆలస్యంగానే వస్తారు. వాళ్ళు వచ్చేసరికి ఎక్కడైనా సీట్లు నిండిపోయే ఉంటాయి. నిమ్మకాయల ముసలాయన కూడా, ఆలోచిస్తే, దాచేపల్లిలో ఎక్కినప్పుడు సీటు వైపు చూడనే లేదు. నిలబడటానికి చోటు వెతుక్కున్నాడు.

ఇంటికి వచ్చి సుప్రజకు ఫోన్ చేసింది. ఆ రెండూ వేరేవాళ్ళకు ఇచ్చెయ్యమంది. అత్తయ్యా, నీకెంత ఇష్టమో నాకు తెలుసు అని ఆ పిల్ల బాధపడితే, "ఇష్టమేనమ్మా, కానీ మాకు రెండు చాలవు" అన్నది. ఫోన్ పెట్టాక కాసేపు వంటింట్లో పని ఏమీ లేకపోయినా గిన్నెలు సర్దింది. ఆ కొయ్య దారి మీది నుంచి అంత తేలిగ్గా దిగి రావడం ఆమెకు కూడా కష్టమే.

ఎక్స్‌పో మూసే రోజు సాయంత్రం వాళ్ళ డాబా మీద ఒసాకా వెలిసింది. పిలిచింది ఝాన్సీలక్ష్మే. పిట్టగోడ పొడుగునా పీర్ సాహెబ్ రంగు బల్బులు చుట్టి వలయం చేశాడు. మైకుసెట్టు ఆయనదే, సముద్రపు హోరు ఫోనులోంచి ఆయన డబ్బాల్లోకి వచ్చి వీధంతా వినిపించింది. మధ్యలో కుర్చీలు, బస్సులో లాగే ఈ పక్క రెండు, ఆ పక్క మూడు, కృపావరం కర్రకు విడిగా ఒకటి. ఎదురుగా టీవీలో అసలు వలయం. బల్బులు వెలిగేసరికి చుట్టూ ఉన్న డాబాలు చీకట్లో కలిసిపోయి, ఆ డాబా ఒక్కటే దీవిలా నీళ్ళ మీద తేలుతున్నట్టు అనిపించింది. గురవమ్మ చెప్పులు విప్పి, బల్బుల వెంట ఒక చుట్టు తిరిగి వచ్చింది. కృపావరం వెనకే టకటకమని తిరిగాడు. నిదానంగా, ఎవరూ తొందరపెట్టకుండా.

ఝాన్సీలక్ష్మి మరమరాల ఉగ్గాణీ పళ్ళెంతో అందరికంటే చివర పైకి వచ్చింది. కుర్చీలన్నీ నిండిపోయాయి. పిట్టగోడ పక్కన ఒక్కటి మాత్రం ఖాళీ, దాని మీద తుండుగుడ్డ. పక్క కుర్చీలో రాడ్డు లేక ఏం పట్టుకోవాలో తెలియనట్టు త్రికోటేశ్వరరావు గారు కూర్చుని ఉన్నారు.

"ఎవరికండీ అది?" అన్నదామె.

"వస్తందనుకున్నా. వచ్చింది." ఆయన గుడ్డ తీశారు. "కిటికీ పక్కన. నీకెప్పుడూ అదే గదా."

"అదే గదా అంటే? ఎప్పుడన్నా అడిగారా?"

ఆయన గుడ్డ మడత పెట్టుకుని, కొత్త మనిషిని పలకరించినట్టు అడిగారు. "ఝాన్సీ, కిటికీ పక్కనా, దారి పక్కనా?"

"దారి పక్కన," అన్నదామె వెంటనే. "కిటికీ పక్కన ఎండ కొడతది. పెళ్ళయిన కాడి నుంచి రెంటచింతల ఎండంతా నా చెంప మీదే."

ఆయన బిత్తరపోయారు. పీర్ సాహెబ్ బల్బుల వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. త్రికోటేశ్వరరావు గారు గబగబా పిట్టగోడ వైపు జరిగారు, ఆమె ఇవతల కూర్చుంది. పళ్ళెం పెట్టుకోవడానికి చోటు కావాల్సి వచ్చి, కృపావరం కర్ర తన కుర్చీ ఇచ్చి లేచి నిలబడింది.

అందరూ కుదురుకున్నా ఆయన మెట్ల వైపే చూస్తున్నారు, ఇంకెవరన్నా వస్తారేమోనని.

"ఇంక బస్సు బయల్దేరదియ్యి నాయనా," అన్నది గురవమ్మ. "పొద్దున్నే బండి పెట్టాల. పప్పు నానబొయ్యలేదు."