ఎంగేజ్‌మెంట్‌కు పొగ, బర్రెకు సూది

మెదక్‌లో ఎల్లం బండి ఆగితే జనం ముందు చూసేది ఎల్లాన్ని కాదు, వెనక సీటుకు కట్టిన క్యాన్‌ను. ఆవులకూ బర్రెలకూ ఎద సూది వేసే గోపాలమిత్ర అతను. క్యాన్‌లో ఉండేది ద్రవ నైట్రోజన్. దాని ముందు మంచుగడ్డ వేడన్నం కింద లెక్క; మూత తీస్తే తెల్లగా పొగలు కక్కుతుంది. మేలుజాతి దున్నల వీర్యం నింపిన సన్నటి స్ట్రాలు అందులో మునిగి ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి. ద్రవం అయిపోయిందా, అవీ పోయినట్టే.

ట్రైనింగ్‌లో విన్న కథను ఎల్లం కనిపించిన వాళ్లందరికీ చెబుతాడు. రెండున్నర శతాబ్దాల కిందట స్కాట్లాండ్‌లో ఒక విద్యార్థి మూసిన పాత్రలో ఎలుకను పెట్టాడట. ఎలుక చచ్చింది, మిగిలిన గాలిలో దీపమూ వెలగలేదు. దానికి చెడ్డగాలి అని పేరు పెట్టారు, అదే నైట్రోజన్. మనం పీల్చేదాంట్లో ముప్పాతికకు పైగా ఆ చెడ్డగాలే. యూరియా తయారయ్యేదీ, చిప్స్ ప్యాకెట్ ఉబ్బేదీ దాంతోనే. రంగు లేదు, వాసన లేదు, ఎవరితోనూ తొందరగా కలవదు.

"మా ఆయన లెక్కనే" అంటుంది భార్య యశోద.

ఆ రోజు క్యాన్‌లో ఒక్క ముర్రా జాతి దున్న స్ట్రానే మిగిలింది. అది సిద్దమ్మ బర్రె కోసం. ఆ ముసలామెకు ఉన్న ఆధారమంతా ఆ బర్రె. ఎన్నిసార్లు సూది వేసినా చూడి నిలవడం లేదు. ఈసారీ నిలవకపోతే అంగడికి తోలాల్సిందే. ఎల్లం బయలుదేరుతుంటే అమరేందర్ పటేల్ ఫోన్ చేశాడు. తూప్రాన్ దగ్గర పొలాలు అమ్మి రాజకీయాల్లో దిగిన మనిషి. ఎల్లాన్ని ఈ పనిలో పెట్టించింది ఆయనే. కూతురు ఇషిత ఎంగేజ్‌మెంట్‌లో పొగ మిషన్ చెడిపోయిందట.

"ఎల్లం, నీ క్యాన్ వట్టుకొని జల్ది రా. పిల్ల పొగల నుంచి నడిచి రావాలె."

"పటేలా, అది వంపితే స్ట్రా ఖరాబైతది. సిద్దమ్మవ్వ బర్రె ఎదకొచ్చింది."

"నా బిడ్డకన్న బర్రె ఎక్కువైందా నీకు?"

కాదంటే పని పోతుంది, సరేనంటే బర్రె పోతుంది.  ఎల్లం ఆలోచించి ఆలోచించి, బర్రెనే ఫంక్షన్‌హాల్‌కు తోలుకురమ్మని సిద్దమ్మకు చెప్పాడు.

ఫంక్షన్ అన్నారు కదా అని ఆమె బర్రెకు స్నానం చేయించి, కొమ్ములకు నూనె రాసి, తనూ పట్టుచీర కట్టుకుని వచ్చింది. గేటు దగ్గరి పిల్లలు ఇద్దరి మీదా పన్నీరు చల్లారు. స్ట్రా కరిగించడానికి ఎల్లం గోరువెచ్చటి నీళ్లు అడిగితే, క్యాటరింగ్ వాళ్లు నిమ్మచెక్క వేసి మరీ ఇచ్చారు.

హాల్ వెనక బర్రె ఒక్కచోట నిలబడదు. "ఎవరన్న తోక వట్టుకోండ్రి" అన్నాడు ఎల్లం. తెల్లబట్టల పెద్దమనుషులంతా గోడకు జరిగారు. లోపల పంతులు ముహూర్తం మించిపోతోందని కేకలు. సూది పడనిదే ఎల్లం క్యాన్ వంపడు. చివరికి అమరేందరే పట్టుపంచె ఎగగట్టి తోక పట్టుకున్నాడు. ఏదీ వదలొద్దని ముందే చెప్పి ఉండటంతో వీడియో అతను అదీ వదల్లేదు.

సూది పడింది. మిగిలిన నైట్రోజన్‌ను వేడినీళ్ల గంగాళంలో వంపారు. పొగ ఇషిత మోకాళ్ల దాకా లేచి, ఆమె నాలుగడుగులు వేసేలోపే గాలిలో కలిసిపోయింది.

"నీ సంగతి తర్వాత జూస్త" అన్నాడు పటేల్. ఎల్లం చాలా రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

చూడి పరీక్ష రోజు, సిద్దమ్మ కొట్టంలో ఎల్లం చేయి పెట్టి చూస్తుండగా బయట కారు ఆగింది. అమరేందర్ దిగాడు. ఈ రోజుతో పని ఊడిందనుకున్నాడు ఎల్లం.

పటేల్ లోపలికి వచ్చి, సిద్దమ్మ నోరు తెరవక ముందే, మెల్లగా అడిగాడు. "నిలిచిందా?"

"నిలిచింది పటేలా."

సిద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమరేందర్ అటు తిరిగి ఫోన్ తీశాడు. ఆ రోజు తోక పట్టిన చేత్తోనే కూతురి నంబరు నొక్కాడు.

"ఇషితా, మన బర్రె చూడి కట్టింది బిడ్డా."