బక్కోడి కార్తీకాలు

మిషిగన్‌లోని నోవైలో మా ఇంటి గరాజ్‌లో, మంచు ఎత్తే పారల వెనక, మూత బిగించిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. నవంబర్ వచ్చిందంటే దాని మూత తీయకుండా ఉండలేను. తీయగానే ముందు ఎండిన ఓక్ ఆకుల వాసన, దాని వెనక తడి మట్టి వాసన, ఆ రెండింటినీ పక్కకు తోసుకుంటూ ఇన్నేళ్ళయినా పట్టు వదలని ఇంగువ వాసన. లోపల ఉన్నవి నాన్నదీ నాదీ రెండు నారింజ రంగు వేట కోట్లు. దుప్పులకు మనిషి వాసన తగలకూడదని నాన్న వాటిని ఇంట్లోకి రానివ్వకుండా, అడవి నుంచి బస్తాల్లో తెచ్చిన ఆకుల్లో ఊరబెట్టేవాడు, అమ్మ ఆవకాయ ఊరబెట్టినంత శ్రద్ధగా. వేట సీజన్‌కు ముందు వారం రోజులు ఇంట్లో పోపు పెట్టొద్దని బతిమాలేవాడు కూడా. పోపు లేని పప్పు పప్పేనా అని అమ్మ మూకుడు పొయ్యి మీద పెట్టేది. ఎవరు గెలిచారో ఆ డబ్బా మూత తీస్తే తెలిసిపోతుంది.

నాన్నది నల్గొండ, అమ్మది తెనాలి, నాది ఈ నోవై. నాన్న కార్లకు బంపర్లు డిజైన్ చేసే ఇంజనీరు, ఆయనకు దుప్పితో మొదటి పరిచయం కూడా బంపర్ ద్వారానే అయింది. నేను రెండో క్లాసులో ఉండగా, ఊరికి గంటన్నర ఉత్తరాన, మొక్కజొన్న చేల మధ్య రోడ్డు మీద ఒకటి ఎగిరొచ్చి మా కారుకు తగిలింది. దుప్పి లేచి దులుపుకుని వెళ్ళిపోయింది, కారు మాత్రం లేవలేదు. ట్రాక్టర్‌తో దాన్ని లాగిపెట్టడానికి వచ్చిన రైతే డేల్ అంకుల్. ఎర్రటి ముఖం, చలికి గడ్డకట్టిన తెల్ల మీసం, దుప్పుల మాట ఎత్తితే చాలు ట్రాక్టర్ ఆపేసి మరీ చెప్పే మనిషి. కారును గరాజ్‌కు చేర్చేలోపు ఆయన నాన్నను సగం వేటగాణ్ణి చేసేశాడు. మరుసటేడు ఆయన పొలం పక్కనే, చిత్తడీ ఓక్ చెట్లూ తప్ప ఏమీ పండని ఒక ముక్క నాన్న కొనేశాడు. దాని మీద చక్రాల గదిలాంటి ఒక పాత క్యాంపర్ నిలబెట్టి, చెట్టుకు మంచె కట్టి, తుపాకి లైసెన్సు తీసుకుని, నారింజ రంగు కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అమ్మ గుమ్మంలోంచి ఎగాదిగా చూసింది.

“కాషాయం కట్టుకుని ప్రాణాలు తీయడానికి పోతున్నారా? బాగుంది సంబడం!”

ఆ రంగు దుప్పులకు కనపడదనీ, తోటి వేటగాళ్ళకు కనపడాలనీ నాన్న చెప్పబోయాడు గానీ, వినేవాళ్ళెవరు?

మొదటి శరత్కాలంలోనే, చెట్టుకు కట్టిన కెమెరాలో ఒక కుర్ర మగ దుప్పి పడింది. ఎడమ చెవి చివర చిరిగి ఉంది, నెత్తిన పంగలకర్రల్లాంటి రెండు కొమ్ములు. నాన్న ఫోటో పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, “చూడు చూడు, బక్!” అన్నాడు. ఇంగ్లీషులో బక్ అంటే మగ దుప్పి అని అమ్మకు అప్పటికి తెలియదు. ఫోటో చూసి, “అవును పాపం, మరీ బక్కగా ఉన్నాడు. ఏమైనా పెట్టకూడదూ?” అంది. అంతే, వాడికి బక్కోడనే పేరు ఖాయమైపోయింది. తర్వాత వాడు ఎంత బలిసినా ఆ పేరు మారలేదు.

నేనైతే వాణ్ణి కొట్టేద్దామని ఆ క్షణమే ఎగిరాను. డేల్ అంకుల్ మనవరాలు నా ఈడుదే, వాళ్ళ స్కూల్లో తన మొదటి దుప్పి ఫోటో చూపించి అప్పటికే అందరి నోళ్ళూ మూయించింది. కానీ మిషిగన్‌లో తుపాకి వేట సీజన్ నవంబర్ మధ్యలో మొదలై నెలాఖరుకు అయిపోతుంది. మా ఇంట్లో అది కార్తీక మాసం. కార్తీకంలో మాంసం వండటం కాదు కదా, ఇంటి మనిషి చేతిలో ఒక ప్రాణం పోవడానికి వీల్లేదని అమ్మ తేల్చి చెప్పింది. తెల్లారకముందే తలకు పోసుకుని, గరాజ్ గుమ్మంలో మంచు మీద దీపం పెట్టే మనిషితో వాదన పెట్టుకునే ధైర్యం నాన్నకు లేదు. మంచె ఎక్కేవాళ్ళం, చూసేవాళ్ళం, దిగేవాళ్ళం. డిసెంబర్‌లో పాతకాలపు తుపాకులతో వేటకు విడిగా అనుమతి ఇచ్చే కొద్ది రోజుల్లో నాన్న ఒక ఆడ దుప్పిని తెచ్చేవాడు. అప్పటికి కార్తీకం వెళ్ళిపోయేది గనుక గసగసాలు, ధనియాలు వేసి ఆయన చేసే వేపుడు వాసనకు పక్కింటివాళ్ళు కూడా తలుపు తట్టేవాళ్ళు. మగ దుప్పులు ఆ పాటికి పగలు బయటికి రావడమే మానేసేవి.

మా కంచె పక్క నుంచి కొమ్ములున్న దుప్పులు నడిచి వెళ్ళిపోతుంటే మేము కిక్కురుమనకుండా కూర్చోవడం డేల్ అంకుల్‌కు అంతుపట్టలేదు. ఆ చుట్టుపక్కల కొమ్ము మొలిచినదాన్ని మొలిచినట్టే కొట్టేసేవాళ్ళు. అలా కొట్టకుండా ఎందుకు వదిలావని ఆయన అడిగిన ప్రతిసారీ నాన్న చేతులు కట్టుకుని ఒకే మాట చెప్పేవాడు, “కార్తీక్.” మూడోసారో నాలుగోసారో డేల్ అంకుల్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

“హూ ఈజ్ దిస్ కార్తీక్? మీ ఇంటి ఓనరా?”

అది మనిషి కాదు, నెల అని తెలిశాక నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. కానీ రెండో ఏడు మా నేల మీద తిరిగే మగ దుప్పులను చూసి నవ్వు ఆపేశాడు. కుర్రవాటిని ఎవరూ ముట్టుకోకపోతే అవి పెద్దవవుతాయని వేట పత్రికలు ఎంత మొత్తుకున్నా వినని ఊరికి, అమ్మ పట్టిన నోము ఆ సంగతి చూపించింది.

ఆ రెండో ఏడు దీపావళి ముందుగా వచ్చి, సీజన్ చివరి వారానికి కార్తీకం అయిపోయింది. బక్కోడు మంచె కిందికే వచ్చాడు, కొమ్ములకు ఎనిమిది మొనలు. నేను నాన్న మోచెయ్యి పొడిచాను. నాన్న తుపాకి ఎత్తనే లేదు.

“కొమ్ములు చూడకు బిడ్డా, పొట్ట చూడు. ఇంకా పిలగాడే. పెరగనీ.”

పెళ్ళిలో మామయ్యల వరసను చూసి ఎవరు పెద్దో చెప్పినట్టు దుప్పి వయసు చెప్పడం నాన్న అలా నేర్పాడు. మెడ ఎక్కడ ముగిసి ఛాతీ ఎక్కడ మొదలైందో తెలియకూడదు, నడుము కొంచెం దిగాలి, పొట్ట వేలాడి కాళ్ళు పొట్టిగా అనిపించాలి. అప్పుడు పెద్దమనిషి అయినట్టు. ఆ సాయంత్రం నా ఏడుపు చూడలేక మాటిచ్చాడు. బక్కోడికి ఐదేళ్ళు నిండాక, కార్తీకం వెళ్ళాక, వాడి మీద మొదటి గురి నాదే. నా బాల్యమంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

ఇప్పుడు తలచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. వేసవిలో వాడికోసం క్లోవర్ గడ్డి గింజలూ, గుండ్రటి ముల్లంగిలాంటి టర్నిప్ దుంపల గింజలూ చల్లేవాళ్ళం, అమ్మ వచ్చి దుప్పులకంటే ముందు లేత టర్నిప్ ఆకు కోసుకుని పప్పులో వేసేది. మార్చిలో మంచు కరుగుతుంటే, రబ్బరు బూట్లలోకి చల్లటి నీళ్ళు కారుతుండగా, మగ దుప్పులు ఏటా చలికాలంలో రాల్చుకునే కొమ్ముల కోసం అడవంతా గాలించేవాళ్ళం. ఎండుటాకుల్లో తెల్లగా ఒక మొన కనిపిస్తే నా కేకకు చిత్తడిలోని బాతులన్నీ లేచిపోయేవి. ప్రతి ఏడూ బక్కోడి కొమ్ము ముందటేటి దానికంటే లావుగా, నా మణికట్టును మించి, దొరికేది. అక్టోబర్‌లో వాడు చెట్ల బెరడుకు కొమ్ములు రుద్దిన చోట దేవదారు జిగురు వాసన వేసేది, కాలితో గీరిన నేల పచ్చి ఉచ్చకంపు కొట్టేది, ఆ కంపు కూడా మాకు పండగే. మంచె మీద గాలి ఎటు వీస్తుందో చూడటానికి జిల్లేడు దూదిలాంటి దూదిని వదిలేవాళ్ళం. అది తేలుతూ వాడు వచ్చే దారివైపు వెళ్ళిందంటే మా ఇంగువ కూడా అటే వెళ్ళినట్టు, ఇక దిగిపోవడమే.

వాడికి నాలుగు నిండిన ఏడు కార్తీకం సీజన్ మొత్తాన్నీ కమ్మేసింది. మేము చూస్తూ కూర్చోవాలి. కానీ కంచె అవతల డేల్ అంకుల్‌కు ఏ నోమూ లేదు, ఆయనకు బక్కోడంటే ఎంత మోజో మాకు తెలుసు. సీజన్ మొదటి ఉదయం ఆయన వైపు నుంచి తుపాకి పేలింది. నేను నిచ్చెన మీంచి దాదాపు దూకేశాను, నాన్న పిలుస్తున్నా వినకుండా కంచె దాకా పరుగెత్తాను. డేల్ అంకుల్ ఒక ఆడ దుప్పి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూసి చెయ్యెత్తి, కంగారుపడకు అన్నట్టు ఊపాడు. బక్కోడు ఆయన మంచె కింద నిలబడి తీరిగ్గా ఆకులు నమిలి వెళ్ళాడట.

“ఐ కార్తీక్‌డ్ హిమ్,” అన్నాడు.

ఆ మాట ఆ రోజు పుట్టింది.  అరవై దాటిన మనిషి, జన్మలో అంత పెద్ద దుప్పిని కొట్టి ఎరగనివాడు, ఒక చిన్నపిల్లకు వాళ్ళ నాన్న ఇచ్చిన మాట కోసం దాన్ని వదిలేశాడు. నేను కంచె మీంచే ఆయన్ని గట్టిగా పట్టుకున్నాను.

మరుసటేడు దీపావళి మళ్ళీ ముందుకొచ్చింది. పోలి పాడ్యమి, అంటే కార్తీకం వెళ్ళిన మర్నాడు, ఆడవాళ్ళు తెల్లవారకముందే నీళ్ళలో దీపాలు వదిలి పోలిని స్వర్గానికి సాగనంపే రోజు, సీజన్‌లో వారం మిగిలుండగానే పడింది. నాకు పదమూడేళ్ళు. ఆ ఏడు అమ్మ కూడా మాతో క్యాంపర్‌కు వచ్చింది. అరటి దొప్పలు అక్కడెక్కడ దొరుకుతాయి? దుప్పుల తోటలో టర్నిప్‌లు పీకి, గుల్లచేసి, నేతి వత్తులు వేసుకుంది. నా చేతిలో పులిహోర పొట్లం పెట్టి, “పోపు పెట్టలేదులే, పో,” అంది. పోపు లేని పులిహోర! మా అమ్మ అంతకంటే పెద్ద దీవెన ఇవ్వలేదు.

చీకట్లోనే మంచె ఎక్కాం. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, దూది మంచి వైపే తేలింది. తూర్పు తెల్లబడుతుండగా, ఆకులు రాలిన చెట్ల సందుల్లోంచి డేల్ అంకుల్ చెరువు మీద ఒక్కొక్కటే దీపాలు కదలడం కనిపించింది. నాన్న తల పట్టుకున్నాడు, బక్కోడు రోజూ వచ్చేది ఆ చెరువు గట్టు మీంచే.

“అయిపాయె. మీ అమ్మ ఇయ్యాల్టి వేట చెడగొట్టింది.”

అంతలో మా కుడివైపు ఆకులు నలిగాయి. ముందు చిరిగిన చెవి, తర్వాత మెడ, ఇక ఆ మెడకు అంతే లేదు. దీపాలకు జంకి గట్టు వదిలేసి, చుట్టూ తిరిగి మా మంచె వైపు వచ్చేశాడు. వాడి చూపంతా ఇంకా ఆ దీపాల మీదే ఉంది. నేను కొమ్ములు చూడలేదు, పొట్ట చూశాను. వేలాడుతోంది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. ఊపిరి బిగబట్టాను, గురి కుదిరింది, పేల్చాను. బక్కోడు నాలుగు అంగలు వేసి టర్నిప్‌ల మధ్య ఒరిగిపోయాడు.

నేను అరిచాను, నవ్వాను, ఆ వెంటనే వెక్కివెక్కి ఏడ్చాను, అన్నీ నిజమే. నాన్న వాడి పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేశాడు. డేల్ అంకుల్ పరుగెత్తుకొచ్చి, ఈ దుప్పిని తోలింది మీ ఆవిడే అని నాన్న వీపు చరిచాడు. అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వచ్చి, వాడి చిరిగిన చెవి నిమిరి, “పోలితో పాటే పంపించావన్నమాట,” అంది. తిరిగి వెళ్ళి ఇంకో టర్నిప్ గుల్లచేసి ఇంకో దీపం వదిలింది. 

దేవుడి గది ఉన్న ఇంట్లో తలకాయ వేలాడదీయడానికి అమ్మ ఒప్పుకోలేదు గనుక బక్కోడి కొమ్ములు ఇప్పటికీ గరాజ్‌లోనే, ఆ డబ్బాకు పైన ఉన్నాయి. మిగతావేవీ లేవు. డేల్ అంకుల్ పోయారు, ఆయన పొలం చేతులు మారింది, చెరువు పూడ్చి ఇళ్ళు కట్టారు. నాన్న మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వక మా ముక్క కూడా అమ్మేశాం. మంచె కట్టిన ఓక్ చెట్టు ఉందో లేదో కూడా నాకు తెలియదు.

నిన్న ఏమీ తోచక అటువైపు డ్రైవ్ చేశాను. గ్యాస్ స్టేషన్‌లో కాఫీ దగ్గర నారింజ కోటు వేసుకున్న ఒక కుర్రాడు ఫోన్‌లో ఒక దుప్పి ఫోటో స్నేహితుడికి చూపిస్తున్నాడు. మంచి కొమ్ములు, పొట్ట మాత్రం ఇంకా లేదు. “ఐ కార్తీక్‌డ్ హిమ్,” అన్నాడు.  ఆ మాటేమిటని అడిగాను. ఈ చుట్టుపక్కల అందరూ అదే అంటారనీ, కుర్రదాన్ని పెరగనివ్వడమనీ ఓపిగ్గా వివరించి, పాతకాలంలో మిషిగన్‌కు వలసొచ్చిన ఫిన్లాండ్ వాళ్ళ మాటేమో అన్నాడు.

కార్లో కూర్చుని, నవ్వు ఆగక, ఏడుపు ఆగక, అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అవతల పోపు చిటపటలాడుతోంది. అమ్మ పొయ్యి ఆపేసింది.

“అయితే మళ్ళీ లోపలికెళ్ళి ఆ అబ్బాయికి చెప్పు,” అంది. “ఈ ఏడు కార్తీకం ఇంకా వారం ఉందని.”