తూకాలక్క కుండీలు

ఆ ల్యాబ్‌లో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ తూకాలక్కే. పందొమ్మిదేళ్ళుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మొక్కలున్న చిన్న చిన్న కుండీలను ఒక్కొక్కటే ఎత్తి కాటా మీద పెట్టి, ఎంత నీరు తగ్గిందో పుస్తకంలో రాసుకునే మనిషికి ఆ పేరు రాక ఇంకేం వస్తుంది? డాక్టరేట్ ఉంది. జీవరసాయనం కొట్టినపిండి అయిన బుర్ర ఉంది. ఉద్యోగం మాత్రం తాత్కాలికం. మూడేళ్ళకోసారి పొడిగిస్తారు. పొడిగించేముందు ఆర్నెల్లపాటు ఆమెకు కంటి మీద కునుకుండదు.

మొక్కకు దాహం వేస్తే నోరు తెరిచి అడగలేదు కదా. లోపల ఒక హార్మోన్ తయారు చేసుకుంటుంది. ఆకు మీద కంటికి కనిపించని రంధ్రాలు కొన్ని ఉంటాయి. ఆ హార్మోన్ వాటిని మూయించి, ఉన్న నీరు ఆవిరైపోకుండా చూస్తుంది. ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. ఈ ల్యాబ్ కొత్తగా కనిపెట్టిందేమిటంటే, నీళ్ళు ఆపిన రెండో రోజుకే, మట్టి ఇంకా తడిగా ఉండగానే, ఆ హార్మోన్ రెండింతలవుతుందని. అంటే కరువు రాబోతోందని మొక్కకు ముందే తెలిసిపోతుందన్నమాట. దీనికి 'ముందస్తు కబురు' అని పేరు పెట్టి ల్యాబ్ పెద్దాయన దేశాలు తిరిగాడు, పతకాలు తెచ్చుకున్నాడు. వేదిక మీద ఆయన మాట్లాడుతుంటే మొక్కలన్నీ వరసకట్టి వచ్చి ఆయన చెవిలోనే చెప్పాయేమో అనిపించేది. ఆకులు కోసి, క్షణంలో గడ్డకట్టించి, నూరి, యంత్రంలో పెట్టి లెక్క తేల్చింది మాత్రం తూకాలక్క.

ఈసారి పెద్దాయన మాటిచ్చాడు. పర్మనెంట్ పోస్టు ఒకటి వచ్చిందనీ, మూడు నెలల్లో కమిటీ కూర్చుంటుందనీ, అందులో తనూ ఉంటాననీ, ముందస్తు కబురు మీద ఆమె చేసిన పనంతా చూపిస్తే ఇక తిరుగుండదనీ చెప్పాడు. ఆమె ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పందొమ్మిదేళ్ళు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయావు, ఇప్పటికి తలుపు తెరుచుకుంటోంది అని నవ్వాడు. ఆ నవ్విన మనిషే నాలుగు రోజులు తిరక్కుండా లిఫ్టు కింది గోతిలో జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు.

పదకొండు రోజులు ఆమె ఆస్పత్రిలో భర్త మంచం పక్కనే ఉంది. కుండీలను పక్క ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడకు అప్పగించింది. ఆవిడకు నడుం నొప్పి. కుండీలు ఎత్తి దించడం నావల్ల కాదమ్మా అని, తేమ చూపించే సూదిని మట్టిలో గుచ్చి, అంకె రాసుకుని, చెప్పిన రోజుకు చెప్పినట్టు ఆకులు కోసి గడ్డకట్టించి పెట్టింది. తూకాలక్క తిరిగొచ్చి ఆ ఆకుల లెక్క తీసింది. రెండో రోజు హార్మోన్ పెరగలేదు. మూడో రోజూ పెరగలేదు. మట్టి నిజంగా ఎండిన ఆరో రోజుకుగానీ కదల్లేదు.

మొదట ఆవిడ మీదే ఒళ్ళు మండింది. నడుం నొప్పి మనిషికి పని అప్పజెప్పడం నాదే బుద్ధితక్కువ అనుకుంది. ఆ కోపంతోనే కుండీల ముందు నిలబడింది. ఎడమ వైపు నీళ్ళు ఆపినవి, కుడి వైపు నీళ్ళు పోసేవి. అలవాటు కొద్దీ చెయ్యి ఎడమ వైపుకే వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. ఇన్నేళ్ళలో కుడి వైపు కుండీలను ఒక్కసారైనా ఎత్తిందా? లేదు. వాటికి కింది ట్రేలోంచి నీళ్ళు అందుతాయి. నీళ్ళున్నవాటిని తూచి ఏం చేసుకుంటారు, టైం దండగ అని మొదటి ఏడాదే పెద్దాయన అన్నాడు. సరేనంది. అలాంటి మాటలు ఎవరు రాసిపెట్టుకుంటారు?

మూడు వారాలు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ చేసింది. ఈసారి నిండా నీళ్ళున్న కుండీలను రోజుకు రెండుసార్లు ఎత్తి, కాటా మీద పెట్టి, దించింది. రెండో రోజుకల్లా హార్మోన్ రెండింతలు. కరువూ లేదు, కబురూ లేదు. ఎవరో వచ్చి ఎత్తి కుదిపి దించుతుంటే, ఆకులు మణికట్టుకు రాసుకుంటుంటే, మొక్క బెదిరిపోయింది, అంతే. పందొమ్మిదేళ్ళుగా తను కొలిచింది తన చేతినే. ఆ సాయంత్రం కాటా పక్కన స్టూలు మీద కూర్చుని ఏడ్చింది.

ఇంట్లో భర్త కట్టు కట్టిన కాలు బల్ల మీద చాపుకుని అంతా విన్నాడు.

"కమిటీ అయ్యాక చెప్పు. ఇన్నేళ్ళు ఆగింది, ఇంకో నెల ఆగదా?" అన్నాడు.

ఆ మాట ఆమెకు తీపిగానే అనిపించింది. రెండు రోజులు దాన్నే నెమరేసుకుంది కూడా. కానీ ముందస్తు కబురును నమ్ముకుని ఇంకో రెండు చోట్ల కరువును తట్టుకునే విత్తనం తయారు చేస్తున్నారు. వాళ్ళలోనూ తనలాంటి తూకాలక్క ఒకతె ఉండే ఉంటుంది. దాని బతుకూ ఇలాగే తెల్లారాలా అనుకుని, మూడో రోజు పెద్దాయన గది తలుపు తట్టింది.

ఆయన కేకలేయలేదు. లేచి తలుపు మూశాడు. ల్యాబ్‌లో ఎవరితోనైనా అన్నారా అని అడిగాడు. లేదంది. కొత్త లెక్కలన్నీ ఇమ్మన్నాడు, ఇచ్చింది. తరవాత కుర్చీలో వెనక్కి వాలి, ఇలాంటి నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడుందని పొగిడాడు.

"ఎలా జరిగిందో మీ మాటల్లోనే రాసి సంతకం పెట్టివ్వండి. కమిటీలో మీకు మేలే జరుగుతుంది" అన్నాడు.

ఆమె అక్కడే కూర్చుని రాసింది. నీళ్ళు పోసే కుండీలను నేను తూచలేదు అని రాసి, మీరు వద్దన్నారు కాబట్టి అన్న ముక్క దగ్గరికొచ్చేసరికి కలం ఆపింది. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం మీదే అలా ఎలా రాస్తాం? ఆయనే చెప్పుకుంటాడులే అనుకుంది. ఈ పాడు మర్యాదే ఆమె కొంప ముంచింది.

కమిటీ రోజు ఆ కాగితం బల్ల మీదుంది. ఇంత చిన్న విషయం పందొమ్మిదేళ్ళు మీకు తట్టలేదా అని ఒకాయన అడిగాడు. ఆమె పెద్దాయన వంక చూసింది. ఆయన పెన్ను మూత తీసి పెడుతూ, ఆమె నిజాయితీని మాత్రం మెచ్చుకోవాలి అన్నాడు. ఇంకొక్క ముక్క అనలేదు. పోస్టు వేరొకరికి వెళ్ళింది. ఆమెకు ఏడాది పొడిగింపు, దయతలచి. వరండాలో ఎదురుపడి ఆ రోజు మీరే కదా తూచొద్దన్నారు అని ఆమె అడిగితే, ఆయన చేతులు దులిపేసుకున్నాడు.

"నేనేం చేయను? మీరే రాసిచ్చారు కదా."

ఆర్నెల్లు గడిచాక పెద్దాయన కొత్త పేపరు అచ్చయింది. మనిషి చెయ్యి తగిలితే మొక్క ఎలా బెదురుతుందో అందులో పూస గుచ్చినట్టు ఉంది. రెండో బొమ్మలో ఉన్నవి ఆమె మూడు వారాల లెక్కలే. పైన పేర్లు మూడు, ఆమెది లేదు. చిట్టచివర చీమల్లాంటి అక్షరాల్లో, కుండీలను ఎత్తి దించడంలో సాయపడినందుకు ఆమెకు కృతజ్ఞతలు అని ఉంది.

ఆ కాగితాలు ఆమె సంచీలో భర్తకు దొరికాయి. అందులోని ఇంగ్లీషు ఆయనకు అర్థం కాదు. చివరి పేజీలో భార్య పేరును మాత్రం గుర్తుపట్టాడు.

"నీ పేరేశారే. ఏమని రాశారు?"

ఆమె గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"ఇదంతా నా చేతి వల్లే బయటపడిందని."

ఆయన మొహం విప్పారింది. ఎంతైనా పెద్దాయన పెద్దాయనే, నేనే ఆ మనిషిని అపార్థం చేసుకున్నాను అన్నాడు. కుంటుకుంటూ వెళ్ళి ఎర్ర పెన్సిల్ తెచ్చి ఆ పేరు కింద గీత గీశాడు. ఆ పేజీని గుమ్మం పక్క గోడకు నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించాడు. ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తున్నాడు.

రోజూ పొద్దున కుండీలు తూచడానికి బయల్దేరి చెప్పులేసుకునేటప్పుడు అది ఆమె మొహానికి ఎదురుగా ఉంటుంది. తీసెయ్యమని చెప్పాలంటే, అందులో ఏముందో చెప్పాలి.