రేకు రవిక

భవాని పేట్ వాచనాలయంలో పుస్తకాలు అడిగే నాథుడు లేకుండా పోయాడు. గ్రంథపాలకుడు మంగేశ్ తను రాసిన కవితల పుస్తకాన్ని గుమ్మానికి ఎదురుగా నిలబెట్టినా ఎవరూ ముట్టలేదు. చివరికి విసిగిపోయి, వస్తువులు కూడా అప్పిస్తామని బోర్డు పెట్టాడు. మురుకుల గొట్టం, నిచ్చెన, డోలక్కు, గుడ్డ మీద ఆనించి కోసుకునే రవికల పేపర్ కటింగులు. చదువుకున్నవాళ్లు నవ్విపోయారు. బీడీలు చుట్టే అంజమ్మ మాత్రం కొంగు సర్దుకుని నేరుగా లోపలికి నడిచింది.

అంజమ్మకు యాభై దాటాయి. అక్షరం ముక్క రాదు. చిన్నప్పటి నుంచి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. ఆమె బీడీ కార్డు మీద మగడు మల్లప్ప పేరు, రేషన్ కార్డు మీదా మల్లప్ప పేరే. మంగేశ్ రాసిచ్చిన వాచనాలయం కార్డు మీద మాత్రం ఒక్క అంజమ్మే ఉంది, ఫోటోతో సహా. దాన్ని కుంకుమ డబ్బాలో దాచుకుని పూటకోసారి తీసి చూసుకునేది. పవర్‌లూమ్ నుంచి వచ్చిన మల్లప్పకు అన్నం పెట్టడం మరిచిపోయినా కార్డు చూసుకోవడం మరిచేది కాదు, ఏ మాటకా మాటే చెప్పుకోవాలి.

ఆమె అప్పు తెచ్చుకున్నది రవిక కటింగు. కుంఠా నాకా కూడలిలోని దర్జీ ఎన్నిసార్లు కుట్టినా చంకలో పట్టేస్తుంది. అడిగితే నువ్వే లావయ్యావంటాడు. వాడి పొగరు అణిచేలా తన రవిక తనే కుట్టుకోవాలని ఆమె పంతం.

తీరా ఇంటికి తెచ్చి విప్పితే కాగితాలు మడతలు పడి పెళపెళలాడుతున్నాయి. ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా! బీడీలు చుట్టే తునికాకు పెళుసుగా ఉంటే తడిపి గోనెపట్టాలో చుడతారు, మెత్తబడ్డాక రేకు ముక్క ఆనించి కత్తిరిస్తారు. అంజమ్మ కాగితాలకూ అదే మర్యాద చేసింది. తెల్లారి గోనె విప్పితే ఏముంది, జావ. వీపేదో చెయ్యేదో ఆ బ్రహ్మదేవుడికే తెలియాలి.

వస్తువు ఖరాబు చేస్తే కార్డు వాపసు తీసుకుంటామని మంగేశ్ మొదటిరోజే చెప్పాడు. అంజమ్మ కార్డును గుండెకు అదుముకుని ఏడ్చింది. ఓదార్చబోయిన మల్లప్ప, నా పేరున్న కార్డులు రెండున్నాయి కదా అన్నాడు. ఆ పూట అతనికి నిజంగానే అన్నం లేదు.

ఏడుపయ్యాక లేచి నూనె డబ్బా కోసి సాపు చేసింది. ఆకుకు రేకున్నప్పుడు రవికకెందుకు ఉండకూడదు? గుర్తున్నంత మేరకు గీసింది, గుర్తులేని చోట తన ఒంటికే ఆనించి గీసింది. వీపు ముక్క మీదికి డబ్బా మీది పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ వచ్చింది. ముక్కలన్నీ తీగకు గుచ్చి, ఖణఖణమంటూ పేట వీధుల వెంట నడిచింది. కుక్కలు వెంటపడ్డాయి. జరిగిందంతా విని మంగేశ్ నవ్వాపుకుని, ఇదైతే చిరగదులే అని తీసుకున్నాడు. కార్డు నిలిచింది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. రేకు రవికకు గిరాకీ పుట్టింది. ఆడవాళ్లు వంతులేసుకుని పట్టుకుపోయి కుట్టుకున్నారు. ఒక్కరికీ సరిపోలేదు! బక్కపలచని ఋతుజకు సంచిలా వేలాడింది, పార్వతీబాయికి మోచేతి దగ్గరే ఆగిపోయింది. గుడ్డ పారెయ్యలేక అందరూ తెచ్చి అంజమ్మకే ఇచ్చారు. ఆమెకు ప్రతిదీ అచ్చుగుద్దినట్టు సరిపోయింది. అది చూసి ఒళ్లు మండి, వెళ్లి మంగేశ్‌కు ఫిర్యాదు చేశారు.

మంగేశ్ కబురు పంపాడు. పనికిరాని వస్తువు అంటగట్టినందుకు కార్డు ఇచ్చెయ్యమన్నాడు. ఋతుజ కుట్టిన గులాబీ రంగు రవికలో వచ్చిన అంజమ్మ కార్డును బల్ల మీద పెట్టింది గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈడ గిన్ని పుస్తకాలున్నయి గద సార్, అన్ని అందరికి సరిపోతున్నయా? గా ఎదురుంగ పెట్టినదాన్ని ఎవ్వరు ముట్టంగ నేను సూడలే. గది రాసినాయన కార్డు గుంజుకున్నరా?"

మంగేశ్ గుమ్మానికి ఎదురుగా ఉన్న తన పుస్తకం వైపు చూశాడు.

"ఆయనకైతే మంచిగనే సరిపోయిందక్కా" అన్నాడు. కార్డును ఆమె వైపు జరిపి, రేకు రవికను తీసుకెళ్లి తన కవితల పక్కన నిలబెట్టాడు.