బీప్ వినగానే ఆగిపోయిన చెయ్యి

పూల్ ఆటలో నా చేతికి ఒక రోగం ఉంది. బంతిని కొట్టేటప్పుడు కర్ర పక్కకు జరుగుతుంది. అది వదిలించుకుందామని ఆన్‌లైన్‌లో ఓ చిన్న యంత్రం తెప్పించుకున్నాను. కర్రకు బిగిస్తే చాలు, కర్ర వంకరపోగానే బీప్‌మంటుంది. వెంటనే ఆగి, మళ్లీ సరిచూసుకుని కొట్టాలి. వానాకాలమంతా దాంతోనే ప్రాక్టీసు చేశాను.

ఈ రోజు జనగామలో పోటీ. యంత్రాలు పనికిరావన్నారు, తీసేశాను. మహబూబాబాద్ నుంచి వచ్చిన రవితో ఆఖరి ఆట. ఇద్దరికీ నల్ల బంతి ఒక్కటే మిగిలింది, అదీ పాకెట్ ముందే ఉంది. వంతు నాది. అరచేతి చెమట ప్యాంటుకు తుడుచుకుని వంగాను. ఊపిరి బిగబట్టి కర్రను ముందుకు తోశాను.

బీప్!

చెయ్యి దానంతటదే ఆగిపోయింది. కర్ర కొస తగిలీ తగలనట్టు తగిలి, తెల్ల బంతి జానెడు దొర్లి నిలబడింది. నల్ల బంతిని తాకనే లేదు, ఫౌల్. రవి వచ్చి నల్ల బంతిని పాకెట్‌లో వేసేసి నా వైపు తిరిగాడు.

"ఏందన్నా, కొట్టుకుంట నడుమలనే ఆపినవ్?"

"కర్ర వంకర పోయిందనుకున్న తమ్మీ."

"ఎవలు చెప్పిన్రు?"

కిటికీలోంచి చూపించాను. పత్తి లోడుతో ఓ డీసీఎం వ్యాను ఇంకా బీప్ బీప్‌మంటూ వెనక్కి వస్తోంది.

ఇంటికొచ్చి దోస్తు తీసిన వీడియో చూశాను. నేను ఆపేదాకా కర్ర గీత గీసినట్టు సూటిగానే పోయింది. రోగం ఎప్పుడో నయమైంది, నాకే తెలియలేదు. తప్పు చేస్తే అరవడం తప్ప ఆ యంత్రానికి ఇంకో మాట రాదు మరి.

ఇప్పుడు మీరే చెప్పండి, అది పనిచేసినట్టా, చెయ్యనట్టా?